అత్త బావీ, నా ఎలక్ట్రోడూ

విరుదునగర్‌లో నేను చేసిన పరిశోధనలో ముప్పాతిక భాగం కడగడమే. అంట్లు తోమే పని తప్పించుకోవడానికే ఎమ్మెస్సీ దాకా చదివిన దాన్ని. ఆ తర్వాత ఆరేళ్లపాటు చిటికెన వేలి గోరంత ఎలక్ట్రోడ్‌ను రోజుకు నాలుగుసార్లు కడుగుతూ కూర్చున్నాను. కూర్చున్నానంటే అబద్ధం. నాకు కూర్చోవడం చేతకాదు. ఒకసారి కడగడానికి ముప్పావుగంట పట్టేది. ఎలక్ట్రోడ్‌ను గిన్నెలో వదిలేసి, కాలేజీ గేటు దాటి మిరపకాయల మండీ దాకా నడిచి, అక్కడ రెండుసార్లు తుమ్మి తిరిగొస్తే సరిగ్గా ముప్పావుగంట అయ్యేది. మా ప్రయోగశాలలో గడియారం పాడైన ఏడాది నా నడకనే నమ్ముకున్నాం.

చేస్తున్న పని చెప్పడానికి చిన్నదే. గ్రాఫైట్ పొడిని పారాఫిన్ నూనెతో ముద్ద చేసి, గాజు గొట్టం కొసలో కూరి, దాని మీద పలచని పాలిమర్ పొర ఎక్కిస్తాం. పొర ఎక్కించేటప్పుడే అందులో, నీళ్లను పాడుచేసే ఫీనాల్ అనే రసాయనం కలుపుతాం. పొర గట్టిపడ్డాక ఆ ఫీనాల్‌ను కడిగేస్తాం. అది కూర్చున్న చోట దాని ఆకారంలోనే గుంటలు మిగిలిపోతాయి. ఆ తర్వాత ఆ కొసను ఏ నీళ్లలో ముంచినా, అందులో ఫీనాల్ ఉంటే వచ్చి తన గుంటలో తాను కూర్చోవాలి. మిగతావి ఖాళీ లేదని వెళ్లిపోవాలి. అప్పుడు కాస్త కరెంటు పెడితే, కాగితం మీద గీత ఫలానా చోట గూనిలా లేస్తుంది. గూని ఎత్తును బట్టి ఫీనాల్ ఎంత ఉందో చెప్పొచ్చు. పుస్తకంలో ఇంతే ఉంది. అసలు కష్టం మొదట్లోనే ఉంది. పొరలో కూర్చున్న ఫీనాల్, బస్సులో కిటికీ పక్క సీటు దొరికిన మనిషిలాగా, లేవమంటే లేవదు. అందుకే ఆ కడగడం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎప్పటినుంచో ఉప్పగా ఉండే మా మేనత్త బావి నీళ్లు కంపు కొట్టడం మొదలుపెట్టాయి. అత్త ఊరు కోవిల్‌పట్టి నుంచి టౌన్ బస్సులో ముప్పావుగంట. మాలాంటి తమిళనాటి తెలుగువాళ్ల ఊరు, రేగడి నేల. వానలు మానుకున్నాక పత్తి వేయడం మానుకున్నారు. పత్తి లేని చేలోకి సీమ కరువేలం చెట్టు వచ్చింది, ఆంధ్రావాళ్లు సర్కారు తుమ్మ అంటారే, అది. దాన్ని ఎవరూ నాటలేదు, ఎవరూ పీకనూ లేకపోయారు. చివరికి అత్తా మామా దాన్ని నరికి, గుట్టగా పేర్చి, గడ్డీ మట్టీ కప్పి, లోపల నిప్పు పెట్టి బొగ్గు చేయడం మొదలుపెట్టారు. ఆ గుట్టను మావైపు మూట్టం అంటారు. అది వారం పది రోజులు లోలోపలే రగులుతూ ఉంటుంది. ఆ వారం పది రోజులూ ఇంట్లో కాఫీ కూడా పొగ వాసనే.

ఒక ఆదివారం నేను వెళ్తే అత్త మంచినీళ్లివ్వడానికి వెనకాడింది. చెంబు చేతిలో పట్టుకుని నిలబడింది.

"ఇవి మన బాయివి కావే. పక్కింటివి."

పక్కిల్లంటే అత్త తోడికోడలిది. వాళ్లిద్దరికీ పదకొండేళ్లుగా మాటల్లేవు. కారణం ఇద్దరికీ బాగా గుర్తుంది. కాకపోతే ఇద్దరివీ వేరు వేరు కారణాలు.

"ఏమైందత్తా మన బావికి?"

"కంపు. మొదుట్లో కొంచిం ఉండె. పంచాయితీ ఆయన వచ్చి బ్లీచింగ్ పౌడర్ కొట్టి పోయినాడు. అప్పురం ఆస్పత్రి మాదిరి అయిపోయె. ఎద్దు మూతి పెట్టి ఎనిక్కి తీసేసింది."

ఫీనాల్ ఉన్న నీళ్లలో క్లోరిన్ పడితే ఆస్పత్రి వాసన వస్తుందని ఏ పాఠ్యపుస్తకమైనా చెబుతుంది. ఆరేళ్లలో నా చదువు ఒకరికి పనికొచ్చే సూచన కనిపించడం అదే మొదటిసారి. సంతోషం పైకి కనపడనివ్వలేదు. పాడైంది అత్త బావి కదా.

"రోజూ ఆమె బాయికే పోతావా?"

"పోకుండా? ఆ మహాతల్లి నన్ను చూస్తానే తాడు గిలక మీద ఏసి లోపలికి పోతాది. వద్దని ఒక మాట అంటే నేను కూడా ఒక మాట అందును గదా. అనదు."

పదకొండేళ్ల పగను రోజుకు ఆరు బిందెల చొప్పున మోస్తోంది అత్త. చెంబు కింద పెట్టి, రెండు చేతులూ నా భుజాల మీద వేసి అడిగింది. "నీ మిషన్లో చూసి తాగొచ్చునా కూడదా చెప్పు. పేర్లు గీర్లు నాకొద్దు."

మామకు మాత్రం పరీక్ష అక్కర్లేదు. ఊరికి ఎగువన కొత్తగా ఒక అగ్గిపెట్టె ఆఫీసు వచ్చింది. మావైపు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని ఆఫీసు అనే అంటాం. లోపల కుర్చీ కూడా ఉండదు. "వాళ్ల మందే" అన్నాడు మామ. "కలెక్టరుకు అర్జీ రాయి. నీకు మంచి తమిళం వస్తాది గదా." నేను రాశాను. బాగా రాశాను. మూడో పేరాలో 'మా భావి తరాలు' అనే మాట కూడా పెట్టాను. నలభై మంది సంతకాలూ వేలిముద్రలూ వేశారు. ఫలితం వచ్చాక జత చేసి పంపుదామని ఆ కాగితాన్ని నా సంచిలో పెట్టుకుని, అత్త చేతికి ఒక గోధుమరంగు గాజు సీసా ఇచ్చాను. అంచుదాకా నింపి పంపమన్నాను.

నాలుగోరోజు మామ సీసాను తడిగుడ్డలో చుట్టుకుని కాలేజీ గేటు దగ్గరికి తెచ్చాడు. గాజు గిన్నెలో పోస్తే నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఇంత మంచి నీళ్లను అనుమానిస్తున్నామా అనిపించింది. ఆ అనిపించిన చోట ఆగి ఉంటే నాకు మూడు వారాలు కలిసొచ్చేవి.

ముంచాను. గీత లేచింది. కానీ ఫీనాల్ లేవవలసిన చోట కాదు. దానికి చాలా ముందే, వెడల్పుగా, బద్ధకంగా లేచింది. మళ్లీ ముంచాను. మళ్లీ అంతే. పైగా ఎలక్ట్రోడ్ మొహం మీద ఏదో జిగురు పట్టినట్టు మూడోసారికి గీత సగానికి పడిపోయింది.

మా ప్రొఫెసర్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి కాగితం చూశారు. ఆయన తమిళంలోనూ తక్కువే మాట్లాడతారు.

"ఇది ఫీనాల్ కాదు. దాని దూరపు చుట్టం."

"ఎవరు సార్?"

"అది నువ్వు చెప్పాలి. సరిగ్గా కడిగావా?"

ఆరేళ్లుగా కడుగుతున్న మనిషిని ఆ మాట అనకూడదు. అన్నారు. నాకూ అనుమానం పట్టుకుంది. నేను కలిపిన ఫీనాలే పూర్తిగా పోక, లోపలినుంచి కారి, ఎలక్ట్రోడ్ తన వాసన తనే చూసుకుంటోందేమో. కొత్తది చేశాను, కడిగాను. ఇంకొకటి చేశాను, కడిగాను. ఫీనాల్ కలపకుండా సాదా పొర వేసి, గుంటల్లేని ఎలక్ట్రోడ్ ఒకటి పోల్చుకోవడానికి చేశాను, మర్యాద కోసం దాన్నీ కడిగాను. మండీ దాకా ఎన్నిసార్లు నడిచానంటే, అక్కడి హమాలీలు నేను మిరపకాయల బేరానికి వస్తున్నానని, రేటు కుదరడం లేదని అనుకున్నారు. అన్నం ముందు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికో తెలిసేది కాదు. మధ్యలో కాలేజీ ఆఫీసుకు అత్త ఫోను చేయించేది. గుమాస్తా వచ్చి నిర్వికారంగా చెప్పేవాడు: "మీ అత్తగారు తాగవచ్చునా అని అడుగుతున్నారు."

మూడో వారం ఆగలేక బస్సెక్కాను. సాత్తూరు వచ్చేదాకా ఒక సీట్లో, సాత్తూరు దాటాక ఇంకో సీట్లో, కోవిల్‌పట్టి వచ్చేసరికి నిలబడి.

వెళ్లేసరికి అత్త వాకిట్లో ఒక మట్టికుండను ఒళ్లో వంచి పెట్టుకుని లోపలి గోడకు ఏదో గుండ్రంగా రుద్దుతోంది.

"ఏంటత్తా అది?"

"చిల్లగింజ. రేగడి బాయి గదా, నీళ్లు బురదగా ఉండాయి. గింజ అరగదీసి పోస్తే తేరుకుంటాయి. మీ అమ్మ నేర్పలేదా?"

"తాగే నీళ్లకా?"

"అన్నిటికీ. నీ సీసా కోసమే మళ్లా చేస్తా ఉండా. ఏమీ చెప్పకుండా ఉండావే, చాల్లేదేమో అని."

నేను అరుగు మీద కూర్చున్నాను. నాకు కూర్చోవడం వచ్చిన అరుదైన సందర్భాల్లో అదొకటి.

"అత్తా, మొదుటి సీసాలో కూడా గింజ వేసినావా?"

"ఎయ్యకుండా? బురద నీళ్లు కాలేజీకి పంపిస్తానా? పెద్ద పెద్దోళ్లు చూస్తారు. ఈ ఇంట్లో ఆడది లేదా అనరా?"

ఆమెది తప్పని ఎలా అంటాను? మా ఇళ్లల్లో బయటి మనిషి చేతికిచ్చే నీళ్లు తేర్చి ఇవ్వాలి. పరీక్షకిచ్చే నీళ్లు మురికిగానే ఉండాలన్నది నేను చెప్పలేదు, చెప్పాలని నాకూ తట్టలేదు. చిల్లగింజలో ఫీనాల్ జాతివే ఏవో ఉంటాయి. మూడు వారాలుగా నేను కొలిచింది అత్త మర్యాదని. నా గుంటల్లోకి చుట్టాలు కూడా దూరుతున్నారని దాంతో పాటు తేలింది. ఆ సంగతి తర్వాత థీసిస్‌లో గౌరవమైన మాటల్లో రాసుకున్నాను.

ఈసారి నా చేత్తోనే తోడాను. అత్త బావి నుంచి ఒక సీసా, తోడికోడలి బావి నుంచి ఒకటి, అగ్గిపెట్టె ఆఫీసు బావి నుంచి ఒకటి. తోడికోడలు నన్ను చూసి తాడు గిలక మీద వేసి లోపలికి వెళ్లింది. నాతో ఆమెకు పగేం లేదు, అలవాటై ఉంటుంది. మూడు సీసాల్లోనూ మురికిని యథాతథంగా ఉంచినందుకు అత్త మొహం చాలా సేపు బాగా లేదు. బస్సులో కండక్టరు సీసాలు చూసి "కల్లా అమ్మా?" అని తమిళంలో అడిగాడు. బావి నీళ్లంటే నమ్మలేదు.

ఆఫీసు బావి నీళ్లలో ఏమీ లేదు. తోడికోడలి బావిలో ఏమీ లేదు. అత్త బావి నీళ్లకు గీత సరిగ్గా లేవాల్సిన చోటే లేచింది. సన్నగా, నిటారుగా, తప్పు చేసి ఒప్పుకున్న పిల్లాడిలా. గుంటల్లేని సాదా ఎలక్ట్రోడ్ మాత్రం దాదాపు పట్టించుకోలేదు. ప్రొఫెసర్ కాగితం చూసి తల ఊపారు. ఆయన లెక్కలో అది పూలదండ.

నాకు ఆనందం ఒక పూట కూడా నిలవలేదు. ఎగువన ఉన్న ఆఫీసు బావిలో లేనిది, మధ్యలో ఉన్న తోడికోడలి బావిలో లేనిది, దిగువన అత్త బావిలోకి ఎక్కడినుంచి వచ్చింది? మర్నాడే మళ్లీ బస్సెక్కాను. బావి చుట్టూ తిరిగాను. రెండో చుట్టులో కనబడింది. బావికి ఇరవై అడుగుల దూరంలో మూట్టం. దాని కింద మట్టి నల్లగా, జిడ్డుగా ఉంది. అక్కడినుంచి పోయిన వానకు కోసుకుపోయిన సన్నటి కాలువ ఒకటి నేరుగా బావి ఒరదాకా వచ్చి ఆగింది. ఆగిందని మర్యాదకు అంటున్నాను. ఆ మట్టి పిడికెడు తెచ్చి నీళ్లలో కలిపి చూస్తే గీత కాగితం దాటిపోయింది. కట్టె కాలితే వచ్చే తారులో ఉండేదే ఫీనాలూ, దాని అన్నదమ్ములూ.

అత్తకూ మామకూ చెప్పడానికి మూడోసారి వెళ్లాను. ఆ వారంలో టౌన్ బస్సు డ్రైవరు నాకు నమస్కారం పెట్టడం మొదలుపెట్టాడు.

"మన మూట్టమా?" అంది అత్త.

"మన మూట్టమే."

మామ బీడీ ఆర్పేశాడు. "నాలుగేండ్లుగా ఆ పొగలోనే ఉండాము. మాకేం కాలేదే."

"పొగ కాదు మామా. వాన పడ్డప్పుడు తారు కారి పోతోంది."

"ఆఫీసోడు?"

"ఆయన బావి శుభ్రంగా ఉంది."

మామ ఆర్పిన బీడీని మళ్లీ వెలిగించుకున్నాడు. తర్వాత "ఆ అర్జీ?" అన్నాడు.

"నా సంచిలోనే ఉంది."

"అందులోనే ఉండనీ" అన్నాడు. నలభై మంది కలిసి కలెక్టరుకు మా అత్త మీద ఫిర్యాదు చేసే ప్రమాదం అలా తప్పింది. 'భావి తరాలు' వృథా అయినందుకు నాకు కొంచెం బాధేసింది.

అత్త అడిగింది వేరే. మూట్టం అక్కడ వేద్దామన్నది తనే. బొగ్గు గుట్ట విప్పినప్పుడు గాలి తగిలి మళ్లీ అంటుకోకుండా నీళ్లు చల్లాలి. బావి పక్కనే అయితే బిందెలు మోయక్కర్లేదు. "నడుం నొప్పని ఈడ పెట్టిస్తిని" అంది. కొంగు దోపుకుని, "నీ మిషను ఎట్లా పట్టింది దాన్ని?" అంది.

పాలిమర్ అంటే ఏం చెప్పను? వేరుశనగ మిఠాయికి పేరుపడ్డ కోవిల్‌పట్టి వైపు మనిషికి చెప్పవలసిన పద్ధతిలో చెప్పాను. "కడలమిఠాయి తెలుసు గదా. పాకంలో వేరుశనగ పప్పులు వేసి పరుస్తారు. గట్టిపడ్డాక పప్పులన్నీ ఏరి తీసేస్తే గుంటలు మిగులుతాయి. ఆ గుంటలో మళ్లీ వేరుశనగ పప్పే పడతాది, కందిపప్పు పట్టదు. అట్లా."

అత్త ఆలోచించింది. "పప్పులు తీసేసిన మిఠాయిని ఎవురు కొంటారే?"

"ఎవరూ కొనలేదింకా."

"సరి. పట్టుకునేది ఉండాది గదా. ఒక మూట తెచ్చి బాయిలో ఎయ్యి. అంతా పట్టుకుంటాది."

ఆరేళ్లలో నేను తయారుచేసిన పాలిమర్ అంతా కలిపితే అగ్గిపుల్ల తల మీద పెట్టొచ్చు. ఆ మాట చెప్పడం నా జీవితంలో కష్టమైన వాటిలో ఒకటి. "నాది చూసేది మాత్రమే అత్తా. తీసేది కాదు."

"చూసేదానికి ఆరేండ్లా" అంది అత్త. వెక్కిరింపు కాదు, తెలుసుకోవడానికి అడిగింది.

తీసే పని ఆమే చేసింది. మూట్టాన్ని చేను అవతలి కొసకు మార్చారు. చల్లే నీళ్లను డ్రమ్ముల్లో పోసి బండి మీద తోలుకుపోవాల్సి వచ్చింది. నడుం నొప్పి మీద అత్త ఇక మాట్లాడలేదు. నల్లమట్టి మోకాలి లోతు తవ్వించి రోడ్డు గుంటలో పోయించింది. ఎండాకాలంలో ఆయిల్ ఇంజను పెట్టి బావిని అడుగుదాకా తోడించి, ఒరలు రుద్ది కడిగించింది. ఆ పైన చేసేదేమీ లేదు. ఎదురుచూడటమే. నాకు రానిది అదొక్కటే.

నెలకొకసారి వెళ్లి సీసా తెచ్చుకునేదాన్ని. గూని కాస్త తగ్గేది. వాన పడితే మళ్లీ లేచేది. ఎండితే తగ్గేది. ఒక్కోసారి నెల ఆగలేక పదిహేను రోజులకే పోయేదాన్ని, ఆ గీత నేను వెళ్లినంత మాత్రాన తగ్గదని తెలిసీ. ఈలోపు థీసిస్ ఇచ్చేశాను. డాక్టరేట్ వచ్చింది. అత్త ఆరు బిందెలూ పక్కింటి నుంచే మోస్తోంది, తాడు గిలక మీద పడుతూనే ఉంది. "డాక్టరమ్మా, తాగొచ్చునా?" అని కొత్త గౌరవంతో అడిగేది. "ఇంకా లేదత్తా" అని పాత జవాబే ఇచ్చేదాన్ని.

రెండో ఏడు ఐప్పశి వానలు, అంటే దీపావళి నెల వానలు, వెలిసిన తర్వాత తెచ్చిన సీసాలో గీత లేవలేదు. మూడు ఎలక్ట్రోడ్‌లతో చూశాను. చదునుగా, రేగడి చేనులా పడుకుంది. మర్నాడు పొద్దున్నే అత్త వాకిట్లో ఉన్నాను.

"నా మిషనుకు కనపడలేదత్తా."

అత్త తవుడు కలుపుతున్న చెయ్యి ఆపింది. "కనపడలేదా, లేదా?"

దేశంలో రసాయనశాస్త్రం చదివిన వాళ్లు ఈ ప్రశ్న కోసం వేరే అధ్యాయమే రాసుకున్నారు. ఎంత మంచి పరికరమైనా ఒక హద్దు కింద చూడలేదు. ఆ హద్దు కింద ఏముందో దానికీ తెలియదు. మౌఖిక పరీక్షలో నన్ను ఈ మాట ఎవరూ అడగలేదు.

"లేదని చెప్పలేను. ఉన్నా శానా కొంచెం."

"కొంచెమంటే?"

"అది చూసే కళ్లు నా దానికి లేవు."

అత్త చెయ్యి కడుక్కుని లేచింది. బావి దగ్గరికి వెళ్లింది. ఒక చేద తోడి, గింజ అరగదీయకుండా, చెంబు ముంచి తెచ్చి నా ముందు పెట్టింది. అడుగున సన్నగా మట్టి తిరుగుతోంది.

"తాగు."

"నేనా?"

"నువ్వే గదా చూసినావు."

తాగాను. ఒక చెంబుతో ఏమీ కాదని నాకు తెలుసు. అయినా గొంతులో దిగుతున్నప్పుడు ఆరేళ్ల చదువంతా ఒకసారి సరిచూసుకున్నాను. అత్త నన్ను అరుగు మీద కూర్చోమంది. పదకొండు గంటల బస్సు వెళ్లిపోయింది. ఒంటిగంట బస్సు మలుపులో హారన్ కొట్టింది, నేను లేవబోతే "కూర్చో" అంది. అన్నం పెట్టింది, తమలపాకు ఇచ్చింది, మధ్యమధ్యలో వచ్చి నా మొహం చూసి పోయింది. మామ కూడా ఒకసారి వచ్చి చూశాడు. "కడుపులో ఏమన్నా ఉండాదా?" "లేదు మామా." "తల?" "ఉంది." మూడు గంటల బస్సు కూడా వెళ్లిపోయింది. అంతసేపు ఒకేచోట నేను జీవితంలో కూర్చోలేదు.

ఎండ చల్లబడ్డాక అత్త ఇంకో చెంబు తెచ్చుకుంది. వాకిలి మధ్యలో నిలబడి, తల పైకెత్తి, సగం తాగింది. నోట్లో నీళ్లు కాసేపు ఉంచుకుని మింగింది.

"ఉప్పగా ఉండాది" అంది. "పప్పు ఉడకదు. మన బాయే."